అడిగింది నువ్వు, ఆపే హక్కూ నీదే

ప్రశ్న: అక్కా, నాకు 31 ఏళ్లు. విజయనగరానికి దగ్గర్లోని మండలంలో టీచరుగా చేస్తున్నాను. మాది మేనరికం. మేనత్త కొడుకునే చేసుకున్నాను, పెళ్లయి ఐదేళ్లయింది. బావ విశాఖలో ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్లొస్తాడు. స్కూల్లో గానీ ఇంటి వ్యవహారాల్లో గానీ నేను ఎవరికీ తగ్గే మనిషిని కాదు. కానీ మా ఏకాంతంలో మాత్రం బావ గట్టిగా చెప్పాలని, నేను ఆ మాటకు లొంగి ఉండాలని నాకు ఎప్పటినుంచో కోరిక. రెండేళ్ల కిందట సిగ్గు విడిచి నేనే చెప్పాను. మొదట కంగారుపడ్డాడు, తర్వాత ఇద్దరికీ బాగుంది. ఒకరోజు సరదాకి నోట్‌బుక్ కాగితం మీద ‘ఇక నుంచి బావ చెప్పినట్టే వింటాను’ అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఇప్పుడు ఏం మాట్లాడినా ఆ కాగితం తీసి ‘నువ్వే కదేటి రాసిచ్చావు’ అంటున్నాడు. ఆరు నెలలుగా నా ఏటీఎం కార్డు తన దగ్గరే ఉంది. బదిలీల్లో నా వెబ్ ఆప్షన్లు కూడా తనే పెట్టాడు. అత్త ముందు ‘లెగు, నీళ్లట్టుకురా’ అని గదిలో వాడే గొంతుతోనే అంటున్నాడు. పోయిన నెల ఒక రాత్రి నిజంగానే వద్దన్నాను. ‘వద్దనడం కూడా ఇందులో భాగమే కదా’ అని ఆపలేదు. ఇంకోసారి గొంతు మీద చెయ్యి వేసి నొక్కాడు. భయమేసి ఏమీ అనలేదు. బావ చెడ్డవాడు కాదక్కా. తప్పు నాదేనా? పిల్లలకు సమానత్వం పాఠం చెప్పే నాకు ఇలాంటి కోరిక ఉండడం జబ్బా? అమ్మకు చెబితే అత్తకు చేరిపోతుంది. ఎవరితో చెప్పుకోను?
పేరు వద్దు, విజయనగరం జిల్లా

సమాధానం: అక్కా అని పిలిచావు కాబట్టి చెల్లీ అనుకుని, నువ్వు అనే రాస్తున్నాను. నువ్వు ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి దగ్గరే మొదలుపెడతాను. మిగతావన్నీ దాని తర్వాత.

గొంతు మీద చెయ్యి ఇక వద్దు. మీ మధ్య సంగతులు చక్కబడినా వద్దు, నీకే సరదా అనిపించినా వద్దు. కొన్ని పనులు జాగ్రత్తగా చేసుకోవచ్చు, ఇది ఆ రకం కాదు. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం అందించే నాళాలు ఉంటాయి. అవి నొక్కుకుపోతే పది, పదిహేను సెకన్లలో స్పృహ తప్పొచ్చు, నిమిషాల్లో ప్రాణమే పోవచ్చు. నొక్కిన మనిషి ప్రేమతో నొక్కాడా, కోపంతో నొక్కాడా అన్నది రక్తనాళానికి తెలియదు. పైకి మచ్చ కూడా పడకపోవచ్చు. లోపల నాళం పొర చిరిగితే కొన్ని రోజుల తర్వాత పక్షవాతం వచ్చే ప్రమాదం కూడా ఉంది. ఆ రోజు నుంచి గొంతు బొంగురుగా ఉన్నా, మింగుతుంటే నొప్పిగా ఉన్నా, మెడనొప్పి, తలనొప్పి తగ్గకపోయినా డాక్టరుకు చూపించు. చూపు మసకబారినా, మాట తడబడినా, ఒక పక్క తిమ్మిరి పట్టినా ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లు. జలుబు, పని ఒత్తిడి అని చెప్పకు. ‘మెడ నొక్కుకుపోయింది’ అని చెప్పు. ఆ ఒక్క మాటతో డాక్టరు ఏం వెతకాలో తెలుసుకుంటారు. అప్పుడు భయమేసి ఏమీ అనలేకపోయానని రాశావు. భయంతో మాట రాకపోవడం ఒప్పుకోవడం కాదు. ఈ ఉత్తరంలో ఇంకేం మర్చిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకో.

ఇక నువ్వు అడిగిన ఇంకో ప్రశ్న. నీ కోరిక జబ్బా? కాదు. నీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఒకప్పుడు ఇలాంటి కోరికలు కూడా ఉండేవి. కొత్త జాబితాను 2019లో ఆమోదించినప్పుడు, ఇష్టపడి చేసుకునే ఇద్దరు పెద్దవాళ్ల మధ్య సంగతిని అందులోంచి తీసేశారు. అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అవతలి మనిషికి ఇష్టం లేకుండా హింసించి ఆనందించడాన్ని మాత్రం అలాగే ఉంచారు. అమెరికాలోని మానసిక వైద్యుల సంఘం కూడా 2013లో తమ పుస్తకంలో కోరిక వేరు, రుగ్మత వేరు అని విడదీసింది. నీ కోరిక నిన్నుగానీ ఇంకొకరినిగానీ బాధపెట్టనంత వరకు దానికి వైద్యం అక్కర్లేదు.

నువ్వు ఒక్కదానివే ఇలా ఉన్నావని అనుకోకు. కెనడాలోని క్యుబెక్‌లో 1,516 మంది పెద్దవాళ్లను అడిగి చేసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. ఏకాంతంలో ఎవరైనా తమను లొంగదీసుకున్నట్టు ఊహించుకుంటామని చెప్పిన మహిళలు 64.6 శాతం. మగవాళ్లలోనూ 53.3 శాతం మంది అదే చెప్పారు. అందులో ఇంకో సంగతి కూడా ఉంది. అలా ఊహించుకునే మహిళల్లో చాలామంది అది నిజంగా జరగాలని కోరుకోవడం లేదు. ఊహ వరకు ఉంటే చాలు అనుకునేవాళ్లూ ఉంటారు, నీలా నిజంగా కావాలనుకునేవాళ్లూ ఉంటారు. రెండూ మామూలే. మన దగ్గర ఇంతమంది నోరు విప్పి చెప్పరు, అంతే తేడా.

ఇదంతా పరాయి దేశాల పైత్యం అని ఎవరైనా అంటే నమ్మకు. వాత్స్యాయనుడు కామసూత్రంలో గోటిగాట్లకు, పంటిగాట్లకు, దెబ్బలకు వేర్వేరుగా అధ్యాయాలే రాశాడు. నీకు పనికొచ్చేది ఆ దెబ్బల అధ్యాయం చివర ఉంది. చోళరాజు ఒకడు ఆవేశంలో చిత్రసేన అనే గణికను చంపేశాడని, కుంతల దేశపు శాతకర్ణి శాతవాహనుడు తన మహారాణి మలయవతిని అలాగే పోగొట్టుకున్నాడని రాశాడు. అలాంటి ప్రమాదకరమైన దెబ్బలు మన దక్షిణాదివాళ్ల అలవాటని చెబుతూనే, అవి పెద్దమనుషులు చేయదగినవి కావని తీర్పు కూడా చెప్పాడు. అంటే కోరికను ఒప్పుకున్న ఆ కాలంలోనే హద్దు గురించి కూడా ఆలోచించారు. హద్దు తెలియని ఉత్సాహం రాజుల చేతుల్లోనే ప్రాణాలు తీసింది.

పిల్లలకు సమానత్వం చెబుతూ ఇంట్లో ఇలా కోరుకోవడం మోసం అనిపిస్తోందా? నాకలా అనిపించలేదు. మన ఇళ్లలో ఆడపిల్ల లొంగి ఉండడానికి ఎవరూ ఆమె అనుమతి అడగరు. తలొంచుకో, గొంతు పెంచకు, ఆయన తిన్నాక తిను అని చెబుతారు. అందులో ఆమె ఇష్టం లేదు, ఆపే దారీ లేదు. నువ్వు చేసింది దానికి పూర్తిగా ఎదురు. నీకేం కావాలో నువ్వే తెలుసుకున్నావు, నువ్వే నోరు తెరిచి అడిగావు, ఎక్కడ, ఎవరితో అన్నది కూడా నువ్వే నిర్ణయించావు. నీ మాట మీద నడిచిన వ్యవహారం అది. అప్పుడు అది నీ స్వేచ్ఛలో భాగమే. సమానత్వం అంటే నీకు ఏది ఇష్టమో నువ్వు ఎంచుకోగలగడం, ఎంచుకున్నది వద్దనుకున్నప్పుడు మానుకోగలగడం కూడా.

ఇప్పుడు నీ ఇంట్లో జరుగుతున్నది ఈ రెండోది తీసేయడం. అందుకే నాకు ఆందోళనగా ఉంది.

గోరింటాకు పెట్టమని చెయ్యి చాపితే ఆ చేతికున్న గాజులు తీసుకోమని అర్థం కాదు కదా. నువ్వు గదిలో కాసేపు మీ ఆయన మాట వింటానన్నావు. నీ జీతం తీసుకో, ఏ స్కూల్లో పనిచేయాలో నువ్వే తేల్చు, మా అత్త ముందు నన్ను చిన్నబుచ్చు అనలేదు. మీ అత్త ముందు అతను ‘లెగు, నీళ్లట్టుకురా’ అన్నప్పుడు ఒకసారి గమనించు. గదిలో ఆ గొంతు వింటే నీకు ఇష్టం, ఎందుకంటే అక్కడ దాని వెనక ఏముందో మీ ఇద్దరికే తెలుసు. హాల్లో ఆ వెనకదేదీ లేదు. మీ అత్తకు కనిపించేది పెళ్లాన్ని కసురుకుంటున్న కొడుకు ఒక్కడే. పైగా ఆ మాట ఆవిడ ముందు వాడే అనుమతి నువ్వెప్పుడూ ఇవ్వలేదు. మీ ఏకాంతాన్ని నీకు చెప్పకుండా మూడో మనిషి ముందు పెట్టాడు. ఇది చిన్న విషయంగా తీసేయకు.

ఇక వద్దన్న రాత్రి గురించి. ఇది రాయడానికి నాకే కష్టంగా ఉంది, అయినా సూటిగా చెప్పాలి. ఇలాంటి సంబంధంలో ఉన్న కొందరు ‘వద్దు, వద్దు’ అనడాన్ని కూడా సరసంలో భాగం చేసుకుంటారు. కానీ అలా చేసుకునేవాళ్లు ముందే కూర్చుని, నిజంగా ఆపాలంటే ఏ మాట అనాలో ఒప్పందం చేసుకుంటారు. మీరిద్దరూ అలాంటి మాట అనుకున్నట్టు నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ ఒప్పందం లేనప్పుడు ‘వద్దు’ అంటే వద్దనే. ఆ రాత్రి జరిగింది నీ ఇష్టానికి వ్యతిరేకంగా జరిగింది. నువ్వు రెండేళ్ల కిందట ఏమడిగావన్నది, కాగితం మీద ఏం రాశావన్నది దాన్ని మార్చదు. తప్పు నాదేనా అని అడిగావు. నీది కాదు.

అతనికి నిజంగానే అర్థం కాలేదేమో అని నీ మనసు అతని తరఫున వాదిస్తూ ఉంటుంది. కావచ్చు. మగపిల్లలకు ఇవన్నీ నేర్పేది ఫోన్లో వచ్చే వీడియోలు. వాటిలో ముందు కూర్చుని మాట్లాడుకోవడం చూపించరు, మధ్యలో ‘బాగానే ఉందా’ అని అడగడం చూపించరు, అయిపోయాక పక్కన కూర్చుని మంచినీళ్లు ఇవ్వడం అసలే చూపించరు. మొదట నీ మాట విని కంగారుపడ్డాడంటే అప్పుడు అతనికి నీ మీద జాగ్రత్త ఉందనే అర్థం. అది ఇప్పుడూ ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. ‘ఆ రాత్రి నేను నిజంగా వద్దన్నాను, నాకు బాధయింది, భయమేసింది’ అని చెప్పు. తెలియక చేసినవాడు అది వినగానే చలించిపోతాడు. అయ్యో అంటాడు, తనే ఆపేద్దామంటాడు, నిన్ను ఎలా ఊరడించాలో తెలియక సతమతమవుతాడు. తెలిసి చేసినవాడు వాదిస్తాడు. కాగితం తీస్తాడు, ‘నువ్వే అడిగావు’ అంటాడు, రెండు రోజులు అలిగి నీచేతే క్షమాపణ చెప్పించుకుంటాడు. నీకు ఏ జవాబు వస్తుందో నేనిక్కడ కూర్చుని చెప్పలేను. ఆ జవాబును బట్టే నీ తర్వాతి అడుగు ఉండాలి.

మాట్లాడడానికి పడకగది ఎంచుకోకు. ఆ గదిలో పాత అలవాటు మీద అతని గొంతు పెరుగుతుంది, నీ గొంతు తగ్గుతుంది. ఇంట్లో అత్త వింటుందన్న టెన్షన్ ఒకటి. ఆదివారం సాయంత్రం పెద్దచెరువు గట్టు మీద నడుస్తూనో, రామతీర్థం వెళ్లి వస్తూనో మాట్లాడు. చుట్టూ మనుషులుంటారు, మాటలు వినిపించనంత దూరంలో ఉంటారు. ఎక్కువ వివరించాల్సిన పని లేదు. ‘బావా, నేనడిగింది గదిలో సంగతి ఒక్కటే. అది కూడా ఇవాళ్టి నుంచి ఆపేస్తున్నాను. మళ్లీ మొదలుపెట్టాలో వద్దో నేనే చెబుతాను. కార్డు ఇప్పుడే ఇచ్చీ. అత్త ముందు ఆ గొంతు వద్దు’ అను. అతను వాదనకు దిగితే నువ్వూ దిగకు. అదే మాట ఇంకోసారి చెప్పి ఊరుకో. చెప్పడానికి తీసుకెళ్తేనే చెయ్యి చేసుకుంటాడేమో అని ఏ మూలైనా అనిపిస్తే మాత్రం ఒంటరిగా ఈ పని చేయకు. ఆ అనుమానం రావడమే నీకు పెద్ద సమాధానం. అప్పుడు కింద చెప్పిన దారిలో వెళ్లు.

కార్డు కోసం అతని దయ కూడా అక్కర్లేదు. ఖాతా నీ పేరు మీదే ఉంటుంది, మెసేజీలు నీ నంబరుకే వస్తుంటాయి కదా. బ్యాంకు యాప్‌లోనో, బ్యాంకుకే వెళ్లో పాత కార్డు ఆపించి కొత్తది తీసుకో. పిన్ నీ ఒక్కదానికే తెలియాలి. యాప్ పాస్‌వర్డులు కూడా మార్చు. బదిలీల లాగిన్ వివరాలు కూడా అంతే. ఇంటి ఖర్చులకు ఎవరు ఎంత వేయాలన్నది భార్యాభర్తలుగా వేరే కూర్చుని మాట్లాడుకోండి. ఆ మాటల్లోకి గదిలో సంగతి రానివ్వకండి. కొన్ని జంటలు ఇష్టపడి డబ్బు వ్యవహారం కూడా ఒకరికే అప్పగిస్తాయి, అలాంటివాళ్లు ఉన్నారు. కానీ అడిగితే అదే రోజు తిరిగి చేతికి రాని డబ్బును అప్పగించడం అనకూడదు.

ఆ కాగితానికి చట్టంలో చిల్లర విలువ కూడా లేదు. నేనిక నీ మాట వింటానని రాసిచ్చిన సంతకం ఏ కోర్టులోనూ నిలబడదు. 2018లో సుప్రీంకోర్టు వ్యభిచారం కేసుల పాత సెక్షన్ 497ను కొట్టేస్తూ భర్త భార్యకు యజమాని కాడని స్పష్టంగా చెప్పింది. ఇంతమంది చదువుకున్న పెద్దలు చెప్పాక నోట్‌బుక్ కాగితం ఏం చేస్తుంది? అతను నీ మాట విని మారే రకమైతే ఇద్దరూ కలిసి దాన్ని చింపేయండి. అతను దాచుకుంటే దాచుకోనీ, దానికోసం గొడవపడకు.

చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండు. భార్య వయసు 18 దాటితే భర్త బలవంతం చేయడాన్ని అత్యాచారంగా లెక్కించకుండా, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ మినహాయింపు అలాగే ఉంచారు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. అయితే దారులు పూర్తిగా మూసుకుపోలేదు. 2005 నాటి గృహహింస చట్టంలో కొట్టడం ఒక్కటే హింస కాదు. భార్య గౌరవాన్ని దెబ్బతీసే లైంగిక ప్రవర్తన, ఆమె డబ్బు ఆమెకు అందకుండా చేయడం కూడా హింసే అని రాసి ఉంది. నీ రెండు సమస్యలూ అందులో ఉన్నాయి. ఆ చట్టం కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వచ్చు, అదే ఇంట్లో ఉండే హక్కు కాపాడచ్చు. భర్త, అత్తింటివాళ్లు పెట్టే వేధింపుల మీద ఉన్న పాత 498ఏ ఇప్పుడు న్యాయ సంహితలో 85వ సెక్షనుగా ఉంది. ఇవన్నీ రేపే వాడమని చెప్పడం లేదు. అవి ఉన్నాయని తెలిస్తే పెద్దచెరువు గట్టు మీద నీ గొంతు వణకదు. మహిళల సహాయానికి 181, తక్షణ ప్రమాదం ఉంటే 112. హింసకు గురైన మహిళలకు అన్ని సాయాలూ ఒకేచోట అందించే సఖి కేంద్రం జిల్లాలో ఉంటుంది, 181కి చేస్తే అక్కడికి దారి చూపిస్తారు.

అతను నిజంగా మారాడనుకుందాం. కార్డు ఇచ్చాడు, అత్త ముందు గొంతు మారింది, ఆ రాత్రి గురించి నువ్వెప్పుడు మాట్లాడినా విసుక్కోకుండా వింటున్నాడు. నెలలు గడిచాయి. అప్పుడు నీకే మళ్లీ కావాలనిపిస్తే సిగ్గుపడకు. నమ్మకం తిరిగి వచ్చాక ఈ కోరిక కూడా తిరిగి రావడం సహజమే. ఈసారి పద్ధతిగా మొదలుపెట్టండి.

ఆపే మాట ముందు అనుకోండి. పక్కగదిలో అత్త ఉంటుంది కాబట్టి ఎవరైనా విన్నా అనుమానం రాని మాట కావాలి. చాలామంది సిగ్నల్ రంగులు వాడతారు. పసుపు అంటే నెమ్మదించు, ఎరుపు అంటే వెంటనే ఆపు. ఎరుపు అన్నాక ఎందుకు అని అడగకూడదు, ఇంకాసేపు అని బతిమాలకూడదు, తర్వాత అలగకూడదు. మొదటి కొన్నిసార్లు నీకు ఇబ్బందేం లేకపోయినా మధ్యలో ఒకసారి ఎరుపు అను. అతను ఆపుతాడో లేదో నీ కళ్లతో చూడాలి. నోటితో చెప్పలేని సమయం ఉంటుందనుకుంటే తాళాల గుత్తి నీ చేతిలో ఉంచుకో, అది కింద పడిందంటే ఎరుపు అన్నట్టే.

ఏవి ఎప్పటికీ వద్దో రాసుకోండి. మెడ మొదట రాయండి. డబ్బు, ఉద్యోగం, ఇంటివాళ్ల ముందు అవమానం దాని కింద. తాగి ఉన్న రోజు ఏదీ వద్దు. కోపంగా ఉన్న రోజు కూడా వద్దు, నిజమైన కోపం సరసం ముసుగు వేసుకుంటే నీకు తేడా తెలియకపోవచ్చు. చేతులు కట్టడం లాంటివి ఉంటే కట్టిన చోట తిమ్మిరి రాగానే విప్పాలి, కత్తెర పక్కనే ఉండాలి, కట్టి వదిలేసి బయటకు వెళ్లకూడదు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటే చెయ్యి వారాల తరబడి పట్టు తప్పొచ్చు, నువ్వు రోజంతా బోర్డు మీద రాసే మనిషివి. ఫోటోలు, వీడియోలు అసలే వద్దు. తీయడానికి ఒప్పుకున్నా ఇంకొకరికి పంపడానికి ఒప్పుకోకపోతే పంపడం నేరమే, ఆ మాట న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద రాసే ఉంది. అయినా నేరమని తేలేలోపు ఫోటో ఊరంతా తిరుగుతుంది. ఇప్పటికే అతని ఫోన్లో ఏవైనా ఉంటే నీ ముందే తీసేయమను. ఎవరికైనా చేరాయని తెలిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైను 1930కి చెప్పు.

అమెరికాలో ఇలాంటి ఇష్టమున్నవాళ్లు 1980ల నుంచి తమలో తాము మూడు షరతులు చెప్పుకుంటున్నారు. ప్రమాదం ఉండకూడదు, ఇద్దరూ తెలివిలో ఉండాలి, ఇద్దరికీ ఇష్టముండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ రోజుకు వదిలేయడమే. ఇంకొకటి కూడా వాళ్లు పాటిస్తారు, దాన్ని మన మగవాళ్లు తప్పక నేర్చుకోవాలి. అయిపోయాక లేచి వెళ్లిపోకూడదు. దుప్పటి కప్పి, నీళ్లిచ్చి, పక్కనే ఉండి, ఎలా ఉందని అడగాలి. అంత ఉద్వేగం తర్వాత ఒళ్లు ఒక్కసారి చల్లబడినట్టవుతుంది. మర్నాడు స్టాఫ్‌రూములో కూర్చున్నప్పుడు కారణం లేకుండా ఏడుపు రావచ్చు. అది వస్తుందని ముందే తెలిస్తే భయపడవు. ఆ రోజు మధ్యాహ్నం అతను ఫోన్ చేసి మామూలుగా రెండు మాటలు మాట్లాడితే చాలు, సగం భారం దిగిపోతుంది.

అతను మారకపోతే ఇదంతా నీకు అక్కర్లేదు. నీ కోరిక అతనితోనే తీరాలని ఎక్కడా రాసిపెట్టి లేదు, అతన్ని కాపాడడానికి నీ ఒళ్లు పెట్టుబడి కాదు.

ఇక ఎవరితో చెప్పుకోవాలన్నది. మేనరికంలో ఇదే కష్టం. బయటి సంబంధం చేసుకున్న అమ్మాయికి పుట్టిల్లు వేరుగా ఉంటుంది. నీకు అమ్మ ఒక పక్క, మేనత్త ఒక పక్క, మధ్యలో ఆవిడకు తోబుట్టువైన నాన్న. నీ మాట ఒక ఇంట్లో చెబితే సాయంత్రానికి రెండు ఇళ్లలోనూ పంచాయితీ అవుతుంది. పెద్దల ముందు గదిలో సంగతి విప్పాల్సిన పని లేదు. అమ్మతో ‘నా జీతం నా చేతికి రావడం లేదు, నన్ను బలవంతం చేస్తున్నాడు’ అన్నంతవరకు చెప్పు. అది నిజం, అది సరిపోతుంది. నువ్వు రాసిచ్చిన కాగితం గురించి, నీ కోరిక గురించి ఎవరు ఎంత గుచ్చి అడిగినా చెప్పనక్కర్లేదు. అవి నీ సొంతం.

చుట్టాలు కాని ఒక స్నేహితురాలికి మాత్రం ఇవాళే ఫోన్ చెయ్యి. బీఎడ్‌లో చదువుకున్నప్పటి మనిషో, పాత స్కూల్లో సహోద్యోగో, మీ బావ ఫోన్లో నంబరు లేని మనిషి అయితే మంచిది. ఆదివారం ఎన్నింటికి, ఎక్కడికి వెళుతున్నావో ఆమెకు చెప్పి ఉంచు, రాత్రి ఎనిమిదికి నువ్వు ఫోన్ చేయకపోతే ఆమె చేసేలా అనుకోండి. మనసు విప్పి అంతా చెప్పుకోవాలనిపిస్తే 14416కి చెయ్యి, అది ప్రభుత్వ టెలీమానస్ లైను, 2022 నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడ గానీ ఫోన్లో గానీ ‘నా భర్తతో ఇష్టపడి మొదలుపెట్టిన విషయం ఇప్పుడు నా ఇష్టం దాటిపోయింది’ అని మొదలుపెట్టు. ఆ కోరిక ఎందుకొచ్చిందని తవ్వుతూ, నిన్నే తప్పుపట్టే కౌన్సెలర్ ఎదురైతే మొహమాటపడకుండా లేచి వచ్చేయ్, ఇంకొకరిని అడుగు.